రాత్రికి రాత్రి ఎడమ చెవి వినపడకుండా పోయింది: నా అనుభవం

2025 నవంబర్ 11, మంగళవారం. ఫస్ట్ సర్వీసు బస్సు డ్యూటీ నాదే కాబట్టి మూడున్నరకు అలారం పెట్టుకుని పడుకున్నాను. అలారం మోగింది. మా ఆయన లేచి దాన్ని ఆపి, నన్ను తట్టి లేపేదాకా నాకు తెలియలేదు. నాకు కుడిపక్కకు తిరిగి పడుకునే అలవాటు. కుడి చెవి దిండులో ఉంటుంది, ఎడమ చెవి పైకి ఉంటుంది. అంటే ఆ తెల్లవారుజామున పైకి ఉన్న చెవి అప్పటికే పనిచేయడం లేదు. ఈ సంగతి వారం తర్వాత గానీ నాకు తట్టలేదు.

లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది. లోపల ఎక్కడో సన్నగా 'కీ' అని శబ్దం, పాత ట్యూబ్‌లైట్ చోక్ మోగినట్టు. బాత్రూంకు పోతుంటే ఒళ్ళు ఎడమకు లాగినట్టయి గోడ పట్టుకున్నాను. నిద్ర చాలలేదు, అంతే అనుకున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. హనుమకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి రూటు. చెవి అట్లా ఉండగానే డ్యూటీకి పోయాను. గూడెప్పాడ్ దాటాక ఒక అవ్వ జీరో టికెట్ (ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్) కోసం ఆధార్ కార్డు పట్టుకుని నా ఎడమ పక్కనే నిలబడి నాలుగుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు. "ఏం బిడ్డా, గంత పొగరా?" అన్నది. నా జీవితంలో ఒక ముసలామెతో ఆ మాట పడటం అదే మొదటిసారి. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేద్దామని సెల్ ఎడమ చెవికి పెట్టుకుంటే ఫోన్ చెడిపోయిందనుకున్నాను. కుడి చెవికి మార్చితే మా ఆయన గొంతు మామూలుగానే వినపడింది.

ఆ సాయంత్రమే చెవి డాక్టర్ దగ్గరికి పోవాల్సింది. పోలేదు. మెడికల్ షాపులో 90 రూపాయలు పెట్టి గులిమి కరిగే చుక్కలు కొన్నాను. మా అత్తమ్మ ఎల్లిగడ్డ కాచిన నూనె పోస్తానంటే వద్దనలేక ఆ రాత్రి పోయించుకున్నాను. మూడో రోజున, 13వ తేదీ, మా వీధి దగ్గర ఒక క్లినిక్‌కు పోయాను. అక్కడి డాక్టర్ టార్చి వేసి చూసి, జలుబు చెవికి దిగిందని అయిదు రోజుల యాంటీబయాటిక్ రాశాడు. ఫీజు 200, మందులు 410. చెవిలో గులిమి ఉందో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. వినపడటం తగ్గిందని కాకుండా "చెవి దిబ్బడేసింది సార్" అని చెప్పాను. నేను వాడిన ఆ మాట వల్ల కూడా కొంత నష్టం జరిగిందని ఇప్పుడనిపిస్తుంది.

16వ తేదీ ఆదివారం మా అక్క కూతురు కుమార్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. ఫార్మ్‌డి (మందుల గురించిన చదువు) ఆఖరు సంవత్సరం. నేను మాటిమాటికి తల తిప్పి కుడి చెవి చూపిస్తుంటే కనిపెట్టింది.

"చిన్నమ్మా, నోరు మూసుకుని 'ఊఁ' అని లాగు. ఆ శబ్దం ఏ చెవిలో గట్టిగా వినిపిస్తుంది?"

"కుడి చెవిలోనే."

దాని ముఖం మారిపోయింది. "ఇప్పుడు కుడి చెవిని వేలితో మూసుకుని మళ్ళీ అను" అన్నది. మూసిన చెవిలో శబ్దం ఇంకా గట్టిగా మోగింది. "చూశావా, గులిమో నీళ్ళో అడ్డం పడితే అడ్డం పడ్డ చెవిలోనే ఎక్కువ వినపడాలి. నీకు దిబ్బడేసిన చెవిలో కాకుండా మంచి చెవిలో మోగుతుంది. అంటే అడ్డం కాదు, లోపలి నరం దగ్గర తేడా. ఇది ఇంట్లో చేసుకునే పరీక్షే, దీన్నే నమ్ముకోవద్దు. కానీ రేపు పొద్దుగాల్నే ఈఎన్‌టీ దగ్గరికి పోవాలి. ఆరు రోజులు పోయినయి" అన్నది.

ఆ 'ఆరు రోజులు పోయినయి' అన్న మాట రాత్రంతా నిద్ర పోనివ్వలేదు.

17వ తేదీ సోమవారం హనుమకొండలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర పది గంటలకు పేరు రాయించుకుంటే పన్నెండున్నరకు పిలిచారు. ఫీజు 400. ఆమె చెవిలోకి చూసి, "గులిమి లేదు, పొర బాగుంది" అన్నారు. తర్వాత ఇనుప ఫోర్క్ లాంటిదాన్ని కొట్టి నా నుదుటి మధ్యన ఆనించారు. కుడి పక్కకే మోగింది. మా పిల్ల ఇంట్లో చేయించిందీ ఇదే కదా అనుకున్నాను.

పక్క గదిలో వినికిడి పరీక్ష. చిన్న గాజు కిటికీ ఉన్న గది, గోడలకు మెత్తటి స్పాంజి, తలుపు మూస్తే బయటి శబ్దమే లేదు. అప్పుడు నా చెవిలోని 'కీ' ఎంత పెద్దదో తెలిసింది. శబ్దం వినపడగానే మీట నొక్కాలి. ఎడమ చెవిని పరీక్షించేటప్పుడు కుడి చెవిలోకి గాలి వీచినట్టు హోరు పెట్టారు. ముందే చెప్పకపోతే భయపడతాం కాబట్టి రాస్తున్నాను. మంచి చెవి దొంగతనంగా సాయం చేయకుండా అట్లా పెడతారట. నలభై నిమిషాలు పట్టింది, చెవిపొర పరీక్షతో కలిపి 900 రూపాయలు.

కాగితం మీద కుడి చెవివి ఎర్ర సున్నాలు, పైన వరుసగా ఉన్నాయి. ఎడమ చెవివి నీలం ఇంటూ గుర్తులు, ఎక్కడో కింద. సగటున 68 డెసిబెల్స్. ఈ అంకె ఎంత పెద్దదైతే వినికిడి అంత తక్కువ అన్నట్టు. మాటలు పెట్టి తిరిగి చెప్పమంటే పదింటికి నాలుగు చెప్పగలిగాను. నా చెవి పోయిందని కళ్ళతో చూసింది అప్పుడే. ఆ వరండా బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

మూడు రోజుల్లోపు, పక్కపక్కన ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో (సన్నని, బొంగురు శబ్దాల మెట్లలో) 30 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే దాన్ని సడన్ హియరింగ్ లాస్ అంటారని డాక్టరమ్మ చెప్పారు. చాలామందిలో కారణం దొరకదట. "స్టెరాయిడ్ ఇస్తాను. గ్యారంటీ అడగొద్దు. కొందరికి ఏ మందూ వేయకపోయినా తిరిగి వస్తుంది, కొందరికి వేసినా రాదు. కానీ ఉన్నవాటిలో ఇవ్వదగ్గది ఇదే, మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే మంచిది. మీరు ఏడో రోజున వచ్చారు, ఇంకా టైమ్ ఉంది" అన్నారు. ఇంత సూటిగా మాట్లాడిన డాక్టర్‌ని నేను అంతకుముందు చూడలేదు. నాకు అదే ధైర్యాన్నిచ్చింది.

చీటీలో అయిదు రకాల మందులున్నాయి. బిల్లు 1,460. ఇంటికి వచ్చాక మా పిల్ల అన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటీ చూసింది. స్టెరాయిడ్ అంటే ప్రెడ్నిసోలోన్, రోజుకు 60 మిల్లీగ్రాములు, పొద్దున తిన్నాక ఒకేసారి, పది రోజులు, తర్వాత మెల్లగా తగ్గించాలి. అది మొత్తం కలిపి 160 రూపాయలే. కడుపు మంటకు ఒకటి. మిగతావి గింకో అనే చెట్టు ఆకుల బిళ్ళలు, కళ్ళు తిరగడానికి బీటాహిస్టిన్, విటమిన్లు. డబ్బంతా వీటికే అయింది.

"ఇవి వేసుకున్నోళ్ళకు, వేసుకోనోళ్ళకు తేడా వచ్చిందా అని ఎవరన్నా పోల్చి చూశారా అన్నదే అడగాలి చిన్నమ్మా. జ్వరం దానంతటదే తగ్గే రోజున ఏ బిళ్ళ వేసుకుంటే ఆ బిళ్ళకే పేరొస్తది" అన్నది. బీటాహిస్టిన్ గురించి ఒక సంగతి చెప్పింది. మెనియర్స్ అనే చెవి జబ్బుతో కళ్ళు తిరిగే 221 మందిని జర్మనీలో మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు తక్కువ మోతాదు, ఒకదానికి ఎక్కువ మోతాదు, ఇంకోదానికి మందు లేని ఉత్త బిళ్ళ తొమ్మిది నెలలు ఇచ్చారట. మూడు గుంపుల్లోనూ కళ్ళు తిరగడం తగ్గింది, అదీ ఒకే రీతిగా. 2016లో అచ్చయింది. నా జబ్బు మెనియర్స్ కాదు, అయినా ఆ బిళ్ళ మీద నా నమ్మకం అక్కడితో పోయింది. గింకో కూడా చెవి హోరుకు (చెవిలో మోగే ఆ 'కీ' శబ్దానికి) పనిచేస్తుందని తేలలేదనీ, అమెరికా చెవి డాక్టర్ల సంఘం 2014 సూచనల్లో దాన్ని వద్దన్నారనీ చెప్పింది. నా అంతట నేను ఏదీ మానలేదు. తర్వాతి విజిట్‌లో అడిగితే డాక్టరమ్మ కోపం తెచ్చుకోకుండా గింకో, విటమిన్లు కొట్టేశారు. "పేషెంట్లు ఏదో ఒకటి ఎక్కువ రాయమంటారమ్మా" అన్నారు.

స్టెరాయిడ్ రోజుల గురించి చెప్పాలి. వీధిలో అందరూ కిడ్నీలు పోతాయని భయపెట్టారు. మొదలుపెట్టే ముందు షుగర్, బీపీ చూశారు, రక్తపరీక్షలకు 850. మూడో రోజుకు తిన్న తర్వాత షుగర్ 210 వచ్చింది, చక్కెర టీ, తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టెకు మారితే దిగింది. రాత్రి రెండు దాకా నిద్ర లేదు. ఆకలి మాత్రం ఎప్పుడూ ఉండేది. ముఖం ఉబ్బింది. చిన్న మాటకు మా ఆయన మీద అరిచేదాన్ని, తర్వాత బాధపడేదాన్ని. ఇదంతా మందు వల్ల వస్తుందని ముందే తెలిస్తే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉండేదాన్ని. డోసు తగ్గాక ఇవన్నీ పోయాయి.

19వ తేదీన ఎంఆర్ఐ, 7,500. వినికిడి నరం మీద గడ్డ ఉందేమో చూడటానికట. అట్లా ఉండేది చాలా కొద్దిమందికే, అయినా చూడకుండా వదలకూడదన్నారు. ఆ మిషన్ డమడమ మోత కుడి పక్క నుంచే వచ్చింది, ఎడమ పక్క ఏమీ లేనట్టే. చుట్టూ మోగే మిషన్ సగమే వినపడితే ఎంత భయం వేస్తుందో మాటల్లో చెప్పలేను. రిపోర్టు మర్నాడు వచ్చింది, గడ్డ లేదు.

పది రోజుల తర్వాత, నవంబర్ 27న మళ్ళీ వినికిడి పరీక్ష. 68 నుంచి 58కి వచ్చింది. నాకైతే తేడా తెలియలేదు. అప్పుడు డాక్టరమ్మ చెవిపొర గుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చెప్పారు. బిళ్ళలతో పూర్తిగా రానివాళ్ళకు రెండో వారం నుంచి ఆరో వారం లోపల ఇస్తారట.

ఇదే సమయంలో మా డిపోలో ఒకరు హైదరాబాద్‌లో సెలైన్‌లో పెద్ద డోసు స్టెరాయిడ్ ఎక్కిస్తారని, అక్కడికి పొమ్మని గట్టిగా చెప్పారు. మనసు ఊగింది. కాజీపేటలో రైలెక్కితే అయిపోయేది. మా పిల్లని అడిగితే, జర్మనీలోనే 325 మంది మీద చేసిన ఇంకో పరీక్ష 2024లో వచ్చిందని, పెద్ద డోసుకూ మామూలు 60 మిల్లీగ్రాముల డోసుకూ వినికిడిలో తేడా రాలేదని చెప్పింది. ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టే వైద్యం గురించి డాక్టరమ్మే చెప్పారు. స్టెరాయిడ్‌తో కలిపి రెండు వారాల్లోపు, లేదంటే నెలలోపు చేయవచ్చు, కొంత ఉపయోగం ఉండొచ్చు, కానీ అనేకసార్లు పోవాలి. ఖర్చు, సెలవులు లెక్కేసుకుని వద్దనుకున్నాను. ఆ నిర్ణయం సరైనదో కాదో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంజెక్షన్లు నాలుగు. నవంబర్ 29, డిసెంబర్ 3, 6, 10. ఒక్కోదానికి 2,500. చెవిలోకి సూది అంటే టెన్షన్‌తో మొదటిరోజు ఏమీ తినలేకపోయాను. నిజానికి తినకుండా పోవడమే తప్పు, కళ్ళు ఇంకా తిరిగాయి. ముందు మొద్దుబారే మందు పెట్టి పది నిమిషాలు ఆగుతారు. సూది చీమ కుట్టినంత. మందు లోపలికి పోయినప్పుడు మాత్రం బల్ల మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు నిమిషం పాటు తిరిగింది. ఆ తర్వాత చెవి పైకి పెట్టి అరగంట కదలకుండా పడుకోవాలి. మాట్లాడొద్దు, వీలైనంత గుటక కూడా వేయొద్దు. వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది. నాకు జారింది, చేదు. ఆ చేదు రాకుండా ఉండటానికి తర్వాతి మూడుసార్లూ నోట్లో గుడ్డ పెట్టుకుని లాలాజలాన్ని దానికి అంటనిచ్చాను. ఇంటికి ఆటోలో తోడు ఉండాలి, ఒంటరిగా పోవద్దు. తలస్నానం చేసేటప్పుడు చెవిలో వాజలైన్ రాసిన దూది పెట్టుకున్నాను.

మూడో ఇంజెక్షన్ తర్వాత, డిసెంబర్ 8న వంటింట్లో గిన్నె కింద పడింది. ఆ చప్పుడు ఎడమ చెవిలో పగిలిన స్పీకర్‌లా గరగరమన్నది. నేను సంతోషంతో ఇంకో గిన్నె పడేసి విన్నాను.

అంతా గాడిలో పడుతుందనుకుంటే డిసెంబర్ 14 తెల్లవారుజామున మంచం మీద ఎడమకు తిరిగాను, ఇల్లంతా గిర్రున తిరిగింది. పైకప్పు ఫ్యాను, బీరువా అన్నీ ఒక్కచోట నిలవలేదు. వాంతి అయింది. అర నిమిషంలో ఆగింది, మళ్ళీ తిరిగితే మళ్ళీ మొదలు. పక్షవాతం అనుకుని మా ఆయన కారు మాట్లాడబోయాడు. నోరు వంకర పోలేదు, చెయ్యి కాలు బాగున్నాయి, మాట స్పష్టంగా ఉంది. అవన్నీ చూసుకుని ఆ రోజుకు ఆగాం. మాటలో గానీ కాలుచేతుల్లో గానీ తేడా ఉంటే ఆగకుండా దవాఖానకు పోవాల్సిందేనని డాక్టరమ్మ తర్వాత చెప్పారు.

సోమవారం ఆమె నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఎడమకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. నా కనుగుడ్లు ఆడటం చూసి, "ఇది వేరే సంగతి. మీ చెవి లోపల సున్నం స్ఫటికాలు ఊడి గొట్టంలోకి జారాయి. చెవి దెబ్బతిన్నవాళ్ళలో ఇది వస్తూ ఉంటుంది. దీనికి మాత్రం మందు అక్కర్లేదు, ఇక్కడే పోతుంది" అన్నారు. తలని ఒక పక్కన పెట్టి కాసేపు ఆపి, రెండో పక్కకు తిప్పి, ఒళ్ళు కూడా తిప్పి, లేపి కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలు పట్టలేదు. దీన్ని ఎప్లీ పద్ధతి అంటారు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే డాక్టర్ కనిపెట్టాడు. ఇంత సులువుగా ఎట్లా తగ్గుతుందని తోటి డాక్టర్లే చాలా ఏళ్ళు నమ్మలేదట. 1992లో గానీ ఆయన రాసిన పద్ధతి బాగా వెలుగులోకి రాలేదట. ఆ తర్వాత పోల్చి చూసిన పరీక్షల్లో మాటిమాటికీ నిలబడింది. నాకు ముప్పావు వంతు ఆ రోజే తగ్గింది, 19వ తేదీన ఇంకోసారి చేస్తే పూర్తిగా పోయింది. రెండుసార్లకు కలిపి 1,000 రూపాయలు. నేను నెల నుంచి మింగిన కళ్ళు తిరగడం బిళ్ళలు తల ఒక తీరుగా తిప్పినంత పని చేయలేదు. ఆ రోజు నుంచి వాటినీ ఆపేశారు.

చెవి హోరు మాత్రం ఇప్పటికీ ఉంది. దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పగలు బస్సు చప్పుడులో తెలియదు. రాత్రి లైట్ తీశాక అదే గది, అదే ఇల్లు. నవంబర్ ఆఖర్లో కొన్ని రాత్రులు ఈ శబ్దంతో ఇంకా ముప్పై ఏళ్ళు ఎట్లా బతకాలి అని కూర్చుని ఏడ్చాను. ఫోన్‌లో ఒకరు 18,000 కడితే మూడు నెలల్లో హోరు మాయం చేస్తామన్నారు. కట్టబోయాను కూడా. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ అమ్మాయి ఆపింది. హోరుని తీసేసే బిళ్ళ ఇప్పటిదాకా లేదని, దాన్ని చూసి భయపడే మనసుకు చేసే కౌన్సెలింగ్ వల్ల బాధ తగ్గుతుందని రుజువుందని చెప్పింది. శబ్దం తగ్గదు, బాధ తగ్గుతుంది. మొదట ఆ మాట నాకు కోపం తెప్పించింది. మూడుసార్లు పోయాను, మొత్తం 1,500. పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దు, ఫ్యానో తక్కువ సౌండ్‌లో రేడియోనో ఉండాలి, హోరు కంటే కాస్త తక్కువగా. హోరు పెరిగిందా తగ్గిందా అని గంటగంటకు చూసుకోవద్దు. చలికాలంలో ఫ్యాను వేసుకుని రెండు దుప్పట్లు కప్పుకున్నాం, మా ఆయన ఒక్కమాట అనలేదు. జనవరి మొదటి వారంలో ఒక పొద్దున లేచి, రాత్రి హోరు వినకుండానే నిద్రపోయానని గుర్తొచ్చింది.

డిసెంబర్ 29న డ్యూటీలో చేరాను. ఎవరో పిలిస్తే ముందు తలుపు దగ్గరా వెనక తలుపు దగ్గరా అన్నది తెలియదు. ఒక చెవే ఉంటే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో పట్టుకోలేమని ఎవరూ ముందు చెప్పలేదు. రేగొండలో దిగాల్సిన ఒకాయన అరుస్తుంటే నేను ఎదురు పక్కకు చూస్తున్నాను. ఇప్పుడు బస్సు ఎక్కగానే మా డ్రైవరన్నకు చెప్పి పెడతాను, జనం నా కుడికి వచ్చేటట్టు నిలబడతాను.

జనవరి 5న చివరి పరీక్ష, 42 డెసిబెల్స్. మాటలు పదింటికి ఏడున్నర దాకా. ఇది బిళ్ళల వల్ల వచ్చిందా, ఇంజెక్షన్ల వల్లనా, దానంతటదే వచ్చిందా అని అడిగితే, "మీ ఒక్కరిని చూసి నేను చెప్పలేను" అన్నారు డాక్టరమ్మ. ఇక మీదట పెద్దగా మారకపోవచ్చన్నారు. హియరింగ్ ఎయిడ్ వారం రోజులు ట్రయల్‌కు ఇచ్చారు, కొనే ముందు ట్రయల్ తప్పకుండా అడగండి. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ కవర్ చప్పుడు కూడా భరించలేకపోయాను. నాలుగో రోజుకు అలవాటైంది, పైగా అది పెట్టుకున్నంతసేపు హోరు తగ్గినట్టుంటుంది. సంక్రాంతి తర్వాత 24,000 పెట్టి కొన్నాను. అది కాకుండా మొదటి నుంచి ఖర్చు 25,500 అయింది, జీతం లేని సెలవు పది రోజులు.

జనవరి ఆఖర్లో మేడారం జాతర డ్యూటీ పడితే, మంచి చెవిని మోతల నుంచి కాపాడుకోవాలన్న చీటీ చూపించి హనుమకొండలో కౌంటర్ డ్యూటీ అడిగాను. మా సార్ ఇచ్చారు.

ఆ జాతర రోజుల్లోనే మాతో పనిచేసే ఒక చెల్లె, "అక్కా, పొద్దుటి నుంచి చెవి దిబ్బడేసింది, జాతర అయినాక చూపించుకుంటా" అన్నది. కౌంటర్ ముందే నిలబెట్టి నోరు మూసుకుని 'ఊఁ' అనమన్నాను. దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా మోగుతుందన్నది. అయినా నా మనసు ఆగలేదు. షిఫ్టు కాగానే ఆటో ఎక్కించి అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. గులిమే. పది నిమిషాల్లో తీసేశారు. బయటికి వచ్చి అది రెండు చెవులూ పట్టుకుని, "అక్కా, మస్తు వినపడుతుంది" అంటూ నవ్వింది. అది నా ఎడమ పక్కనే నిలబడి మాట్లాడుతోంది.